బంతి ముట్టని ఆటగాడు

బాలలూ! కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఎప్పుడైనా చూశారా? చిన్నప్పుడు మా మురమళ్ళ నుంచి మేము వెళ్ళేవాళ్ళం. గంగలకుర్రు ప్రభ కౌశిక దాటుతూంటే అందరి కళ్ళూ పైనున్న రంగు గుడ్డల మీదే ఉండేవి. కింద నీటిలో, బురదలో, "అశ్శరభ శరభ" అంటూ దాన్ని మోసే భుజాలను చూసేవారు తక్కువ. అటువంటి భుజాలు గల ఒక ఆటగాడి కథ చెబుతాను, వినండి.

అమెరికావారి ఫుట్‌బాల్ మనం ఆడే ఆట కాదు. బంతి కోలగా ఉంటుంది. దాన్ని కాలితో తన్నడం తక్కువ. చేత పట్టుకుని పరుగెత్తడం, విసరడం ఎక్కువ. జట్టుకు 11 మంది. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు పోవాలి. ఎదుటివారు బంతి ఉన్నవాణ్ణి పట్టి పడవేస్తారు. వాళ్ళను అడ్డుకోవటానికి ముందు వరుసలో అయిదుగురు భారీ మనుషులు నిలబడతారు. ఎదుటివాణ్ణి వీళ్ళు నెట్టవచ్చు గాని, ఒడిసి పట్టుకోరాదు. నడిమివాడు బంతిని వెనక్కి అందిస్తాడు. తక్కిన నలుగురి చేతికీ బంతి రావటమే అరుదు.

ఆ నలుగురిలో ఒకడు జెర్రీ క్రేమర్. 1936లో మోంటానా రాష్ట్రంలో పుట్టాడు. పదిహేడో ఏట ఒక దూడను తరుముతూ పాత పలక మీద కాలు వేశాడు. పలక విరిగి, పెద్ద పేడు ఒంట్లో దిగింది. వైద్యులు తీసివేశారు. అంతా వచ్చిందనే అనుకున్నారు.

1958లో అతను గ్రీన్ బే పట్టణపు పేకర్స్ జట్టులో జీతానికి ఆడేందుకు చేరాడు. 1964లో కడుపు జబ్బు చేసి, ఆట దాదాపు ఆగిపోయింది. శస్త్రచికిత్స చేస్తే ఏమి బయటపడిందో తెలుసా? ఏనాటివో ఆ చెక్క పేళ్ళు! అయినా 1965లో క్రేమర్ తిరిగి వచ్చి ఆడాడు. ఆ ఏడు అతని జట్టే విజేత.

1967 డిసెంబరు 31వ తేదీ. గ్రీన్ బేలో చలి సున్నకు 25 డిగ్రీలు దిగువన ఉన్నది. డల్లాస్ జట్టుకు 17, పేకర్స్‌కు 14. మిగిలినవి 16 సెకన్లు. గెలుపు గీత గజం దూరంలో ఉన్నది. క్రేమర్, నడిమివాడు కెన్ బౌమన్ కలిసి జెత్రో ప్యూ అనే మహాకాయుణ్ణి వెనక్కి నెట్టారు. ఆ సందులోనుంచి బార్ట్ స్టార్ బంతితో గీత దాటాడు. పేకర్స్ 21–17తో గెలిచింది!

బంతి పట్టిన స్టార్ పేరు మేటి ఆటగాళ్ళ గౌరవ మందిరంలో 1977లోనే చేరింది. దారి చేసిన క్రేమర్ 1968తో ఆట మానాడు. అతని పేరు చేరింది 2018లో. ఏభై ఏళ్ళు! పరుగెత్తినవాడు ఎన్ని గజాలు పోయాడో లెక్క ఉంటుంది. అడ్డు నిలిచినవాడి పనికి లెక్క కట్టడం కష్టం.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు చెడుగుడు పందెం ముగిశాక, కూతకు వెళ్ళి గెలిచి వచ్చినవాణ్ణే వేదిక మీదికి పిలిచేవాణ్ణి. ఎదుటి కూతగాడి చీలమండ పట్టి ఆపినవాడి పేరు ఒక్కసారీ చదవలేదు. అది తప్పని నాకు ఆలస్యంగా తెలిసింది. మీ జట్టు గెలిచిన రోజున, బాలలూ, ఆ పేరు మీరు ముందు చెప్పండి.