మోకాటి చికిత్స - బీమా యొసంగని నెలలు

నేను బడిపంతులుగా జీవితము గడపినవాడను, వైద్యుడను గాను. అయినను ఈ సంగతి మీతో ముచ్చటించుటకొక కారణము గలదు.

నా పూర్వశిష్యు డొకడు తాపీపని చేయును. వాని కుమారుడు పదునేడేండ్లవాడు. సంక్రాంతి కబడ్డీ పందెమున మోకాలు మెలిపడి కూలబడెను. తొడయెముకను కాలియెముకను మోకాటిలోపల బిగించి పట్టు స్నాయువు తెగినదని స్కానింగువలన తేలినది. ఫాల్గుణమాసమున బీమాకార్డుపై శస్త్రచికిత్స జరిగినది. ఆసుపత్రిలో పైసా చెల్లింపకయే ఇల్లు చేరిరి. గండము గడచినదని అందరమును సంతసించితిమి.

పొరబాటంతయు అచ్చటనే యున్నది. తెగిన స్నాయువును సాధారణముగా కుట్టి యతికింపరు. రోగి తొడవెనుకనుండియో, మోకాటిచిప్ప క్రిందనుండియో ఒక పట్టీని తీసి, ఎముకలలో తొలిచిన రంధ్రముల నమర్చుదురు. అది నాటిన నారువలె నెలల తరబడి అచ్చట నిలద్రొక్కుకొనవలయును. వింత యేమనగా, రెండవ మూడవ నెలలలో ఆ పట్టీ మిక్కిలి బలహీనముగా నుండునట. నొప్పి తగ్గి కుర్రవాడు పరుగెత్తజూచునదియు సరిగా నప్పుడే! ఇంతలో తొడకండ యెండిపోవును. మోకాలు పూర్తిగా చాచుట, కండను మరల పెంచుట, ఒంటికాలిపై నిలుచుట, ఎగిరి దిగుట - ఇవన్నియు ఫిజియోథెరపిస్టు క్రమముగా నేర్పవలయును. ఆటకు బోవుటకు ఇంచుమించు 9 నెలలు పట్టును. అంతవరకు ఒక్కొక్క నెల ఆగినకొలది మరల దెబ్బతినుట సుమారు సగము తగ్గెనని 2016లో నార్వే పరిశోధకులు వెల్లడించిరి.

బీమావారి లెక్క వేరు. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమున కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స గలదు గాని, ఇల్లు చేరిన తరువాతి వ్యయము 15 దినములవరకే. ప్రైవేటు పాలసీలలో పెక్కింట 60 దినములు. బావి త్రవ్వించి చేదకు త్రాడు కొననట్లున్నది! అమెరికాలోను ఇదే తీరు. పేదల బీమాయగు మెడికెయిడ్ గల పిల్లలకు ఈ శస్త్రచికిత్స ఆలస్యముగా జరుగుననియు, తరువాతి వ్యాయామచికిత్సయు తక్కువగా లభించుననియు అచ్చటి వైద్యులు వ్రాసియున్నారు.

మావాడు మూడవ వారముతోనే మానెను. పట్టణమునకు బస్సుచార్జీ, అచ్చట రుసుము, తోడుపోయిన తండ్రికి దినకూలి నష్టము. "ఆపరేషను అయిపోయినది గదా, పంతులుగారూ" అని తండ్రి యనెను. నేను దారము తెచ్చి రెండు తొడలును కొలిచితిని. దెబ్బతిన్న తొడ రెండంగుళములు సన్నము! తండ్రి మరి మాటాడలేదు.

కావున శస్త్రచికిత్సకు ముందే ఆసుపత్రిలోని బీమా గుమాస్తాను అడుగుడు: తరువాత ఎన్ని దినముల ఖర్చిత్తురు? అందు ఫిజియోథెరపీ చేరునా? రసీదు లేవి దాచవలయును? చేరదన్నచో, ఫిజియోథెరపీ విభాగమున్న ప్రభుత్వాసుపత్రి దగ్గరలో గలదేమో విచారింపుడు. దినదినము పోలేనివారు పక్షమున కొకసారి పోయి, రాబోవు పక్షమున చేయవలసిన వ్యాయామములను కాగితముపై వ్రాయించుకొనవచ్చును. ఇంటివద్ద లెక్కించుటకు మనవంటి ముసలివారు చాలుదురు. మోకాలు వాచినను, నడచునపుడు జారినట్లు తోచినను వెంటనే వైద్యుని చూడవలయును.

మావాని కిప్పుడు ఏడవ నెల. ఉదయము మా యరుగుపై వాడు కాలెత్తుచుండగా నేను లెక్కపెట్టుచున్నాను. వచ్చు సంక్రాంతికి బరిలో దిగుదునని వాడు. ఒంటికాలి గెంతులో రెండుకాళ్లును సరితూగినగాని వీలులేదని డాక్టరు. నిన్న కొలువగా ఇంకను అరయంగుళము తక్కువగా నున్నది.