ముద్ద దిగకుంటే గ్యాస్ అనుకోవద్దు
రాతిదుమ్ములో పనిచేసేవారు గమనించాల్సిన జబ్బు

కరీంనగర్ గ్రానైట్‌కు విదేశాల్లోనూ పేరుంది. ఇక్కడి రాళ్లు కాకినాడ రేవు మీదుగా చైనా దాకా వెళ్లాయి. రాయి పోతుంది, దుమ్ము మాత్రం పనివాని ఊపిరిలో మిగులుతుంది. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను పాడు చేస్తుందని చాలామందికి తెలుసు. చర్మాన్నీ, జీర్ణకోశాన్నీ బిగుసుకుపోయేటట్లు చేసే ‘స్క్లీరోడెర్మా’ ముప్పు కూడా దానివల్ల పెరుగుతుందని తెలిసినవారు తక్కువ.

ఈ జబ్బు రాతిపనివారిలో కనబడుతున్నదని 1914లోనే ఎడింబరో వైద్యుడు బ్రామ్‌వెల్ రాశాడు. 1957లో ఎరాస్మస్ దక్షిణాఫ్రికా బంగారు గని కార్మికులలో దీన్ని గమనించాడు. అయితే ఇది అరుదైన జబ్బు, అంటువ్యాధి కాదు. దుమ్ము ఎరుగనివారికీ వస్తుంది. మగవారికన్నా ఆడవారికే ఎక్కువ.

గుర్తులేమిటి?

చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారతాయి. క్రమంగా చర్మం బిగుసుకుని పిడికిలి పట్టదు. పదిమంది రోగుల్లో సుమారు తొమ్మిదిమందికి జీర్ణకోశమూ దెబ్బతింటుంది. ముద్ద గొంతు దిగాక ఛాతీలో ఆగినట్లుంటుంది. పులితేన్పులు, మంట, కడుపుబ్బరం వస్తాయి. గ్యాస్ అనుకొని గోలీలు మింగుతూ కాలం గడిపితే జబ్బు ముదురుతుంది.

లోపల జరిగేది

గాయం మానడానికి శరీరం కొల్లాజెన్ అనే నారపదార్థాన్ని తయారుచేస్తుంది. గాయం మానగానే అది ఆగాలి. చెరువు నీటికి తూము ఎలాగో, కణంలో తయారయ్యే పదార్థాలకు మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే అతిచిన్న తునకలు అలాగ. 1993లో వీటిని వెలుగులోకి తెచ్చిన ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది.

వీటిలో 29వ రకం కొల్లాజెన్‌ను అదుపులో ఉంచుతుంది. ఈ రోగుల చర్మకణాల్లో అది తగ్గిపోయిందని 2010లో వెల్లడైంది. 21వ రకం పెరిగి నారకు తోడ్పడుతుంది. పేగుగోడలో కండ పోయి నార పేరుకోవడంలోనూ వీటి పాత్రను శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారు. ఈ తునకలను సరిచేసే మందు ఇంకా వాడుకలోకి రాలేదు.

చేయవలసింది

పేరుకున్న నారను కరిగించడం కష్టం గనుక త్వరగా చూపించుకోవడమే మేలు. హైదరాబాద్ నిమ్స్‌లో ఇటువంటి జబ్బులు చూసే రుమటాలజీ విభాగం ఉంది. కొద్దికొద్దిగా తినాలి, తినగానే పడుకోరాదు, మంచానికి తలవైపు ఎత్తు పెట్టుకోవాలి, బీడీ మానాలి. సన్నని రాతిదుమ్మును ముఖానికి కట్టిన తువాలు ఆపదు. తగిన మాస్కు కావాలి, రాయికి రంధ్రం వేసేటప్పుడు నీళ్లు పారించాలి.

క్వారీలో పని చేశామన్న సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పండి.