కణితి పెట్టే పస్తు

కడుపులోని బిడ్డకు సగం జన్యువులు తండ్రివి. ఆ లెక్కన తల్లి రోగనిరోధక వ్యవస్థకు బిడ్డ సగం పరాయి. అయినా పరాయివాటిపై దాడిచేసే టి-కణాలు తల్లి ఒంట్లో బిడ్డ జోలికి వెళ్లవు. ఎందుకు వెళ్లవో 1998లో అమెరికాలోని జార్జియా వైద్య కళాశాలలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ బృందం కొంత తేల్చింది. మాయలో ఐడీఓ అనే ఎంజైము ట్రిప్టోఫాన్‌ను విరగ్గొడుతుంది. ఆ అమైనో ఆమ్లం దొరక్కపోతే టి-కణాలు పెరగలేవు. చూలు ఎలుకలకు ఐడీఓను అడ్డుకునే పదార్థం ఇచ్చి చూశారు. తండ్రి వేరే వంశానిదైతే పిల్లలు గర్భంలోనే పోయాయి. తల్లీ తండ్రీ ఒకే వంశానివైతే పిల్లలు నిలిచాయి. ఇంత సూటిగా జవాబిచ్చే ప్రయోగాలు అరుదు.

చాలా కణితులు కూడా ఈ ఎత్తే వేస్తాయి. చుట్టూ ఉన్న ట్రిప్టోఫాన్‌ను కరిగించి టి-కణాలను పస్తు పెడతాయి. పైగా అది విరిగితే వచ్చే కైన్యురెనిన్ దాడిని అణచే కణాలను పెంచుతుంది.

మరి ఈ ఎంజైమును ఆపేదెలా? దాని లోపలి గుంతలో హీమ్ ఉంది, మన రక్తానికి ఎరుపునిచ్చేదే. ఆక్సిజన్ వచ్చి హీమ్ నడుమనున్న ఇనుము మీద కూర్చుంటేనే పని సాగుతుంది. ఆ చోటును ముందే ఆక్రమించే చిన్న అణువు కావాలి. అది గుంతలో ఇమడాలి, మాత్రగా మింగితే రక్తంలో నిలవాలి. ఇన్‌సైట్ సంస్థ రసాయనవేత్తలు తయారుచేసిన ఎపకాడోస్టాట్ అలాంటిదే. కణాల్లో సుమారు 10 నానోమోలార్ల గాఢతకే ఎంజైము పని సగానికి పడిపోయేది. ట్రిప్టోఫాన్‌నే విరిచే మరో ఎంజైము టీడీఓను అది దాదాపు ముట్టుకోదు. అప్పట్లో దాన్ని గొప్ప గుణమనుకున్నారు.

ముదిరిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 706 మందిపై పరీక్ష పెట్టారు. అందరికీ టి-కణాల దాడికి ఊతమిచ్చే పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఇచ్చి, సగం మందికి ఈ మాత్ర కలిపారు. అదనపు మేలేమీ లేదని 2018 ఏప్రిల్‌లో తేలింది. ఇతర సంస్థలూ వెనకడుగు వేశాయి.

అణువు కట్టడంలో లోపముందని నేననుకోను. కణితిలో ఐడీఓ ఉందో లేదో చూసి రోగులను ఎంచలేదు. ఇచ్చిన మోతాదు కైన్యురెనిన్‌ను తగ్గించడానికి చాలలేదని తర్వాతి విశ్లేషణలు సూచించాయి. టీడీఓ దారి తెరిచే ఉందన్న అనుమానమూ ఉంది. రోగుల మీదికి వెళ్లేముందే ఈ ప్రశ్నలకు జవాబులు వెతకాల్సింది. ఐడీఓను అడ్డుకునే మందు ఏదీ ఇంతవరకు క్యాన్సర్ చికిత్సకు అనుమతి పొందలేదు.