ఫియట్టు నుంచి పద్మిని దాకా



పాత సినిమాల్లో ప్రీమియర్ పద్మిని కారు కనిపించినా మన పెద్దవాళ్లు "ఫియట్టు" అనే అంటారు. ఈ రెండు పేర్ల వెనుక మన దేశ పరిశ్రమల కథ కొంత దాగి ఉంది.

ఫియట్ ఇటలీలోని టురిన్ నగరానికి చెందిన కంపెనీ. మధ్యతరగతి కుటుంబాల కోసం 1953లో కొత్త 1100 మోడల్ తెచ్చింది. ఇంజను 1089 సి.సి. కాబట్టి ఆ పేరు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది.

మన దేశంలో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. ఆ సంస్థ కుర్లా ఫ్యాక్టరీలో మొదట ఫియట్ విడిభాగాలు తెప్పించి బిగించేవారు. విడిభాగాలు ఇక్కడే తయారు చేయాలని 1950లలో ప్రభుత్వం పట్టుబట్టింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. ప్రీమియర్ నిలబడి, ఒక్కొక్క భాగమే తయారు చేయడం నేర్చుకుంది. 1970ల మొదట్లో ఫియట్ ఒప్పందం ముగిశాక అదే కారుకు 'ప్రెసిడెంట్' అనీ, 1974 నుంచి చిత్తోడ్ రాణి పేరున 'పద్మిని' అనీ పేరు పెట్టారు.

ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కూడా 1964లో బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు చేసి ఫియట్ కొన్నారు. 1966లో ఆయన మరణించాక భార్య లలితాదేవి పింఛను డబ్బుతో ఆ అప్పు తీర్చారు.

ఇటలీలో ఈ మోడల్ 1969లోనే ఆగిపోయింది. ఇక్కడ మాత్రం దాదాపు అదే ఇంజనుతో మరో ముప్పై ఏళ్లు నడిచింది. ఎందుకంటే లైసెన్సుల కాలంలో పోటీ లేదు. కారు బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుకునేవారు. కొనేవాళ్లు వరుసలో నిలబడి ఉంటే మార్చే అవసరం ఎవరికుంటుంది? 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో పరిస్థితి తిరగబడింది. 2000 ప్రాంతంలో పద్మిని తయారీ ఆగింది. ముంబయిలో టాక్సీగా దాని ప్రయాణం 2023 అక్టోబరుతో ముగిసింది.

ముమ్మిడివరం హాస్టల్లో చదివే మనలో చాలామందికి ఇంట్లో పాఠం చెప్పేవాళ్లు ఉండరు. మొదట గైడు చూసే నేర్చుకుంటాం. అందులో చిన్నతనం లేదు, ప్రీమియర్ కూడా ఒకరి నమూనా చూసే మొదలుపెట్టింది. అయితే పరీక్ష గట్టెక్కింది కదా అని గైడు దగ్గరే ఆగితే, పద్మిని లాగే పోటీ వచ్చిన రోజున వెనకబడిపోతాం. గైడు మూసి, లెక్క సొంతంగా చేసి చూడండి.