వంద ముక్కల యంత్రం

పేకాటలో కట్ట అందరిదీ ఒకటే. రమ్మీకి కూర్చున్నవాళ్లంతా ఒకే కుప్పలోంచి ముక్క ఎత్తుతారు. ఈ అమరికను ఒక గణితవేత్త తలకిందులు చేశాడు. ఆటకొచ్చే ప్రతి ఒక్కరూ తమ కట్టను తామే తయారు చేసుకుని తేవాలన్నాడు. ఆ ఆలోచన 1993లో 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఆటగా అచ్చయింది. మంత్రగాళ్లు, డ్రాగన్లు, గాబ్లిన్‌లు ఉండే ఊహాలోకపు కార్డు ఆటలకు అదే మూలపురుషుడు. దాని జీవితంలో అతి పెద్ద మలుపు మాత్రం అలాస్కాలో కొందరు స్నేహితులు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటుతో వచ్చింది. డెక్‌లో ఏ కార్డయినా ఒక్కటే ఉండాలి అన్నదే ఆ కట్టుబాటు. కార్డులను ఒక ఇతివృత్తం చుట్టూ అల్లే పని అంతకుముందు ముచ్చట. ఈ కట్టుబాటు తర్వాత అది ఇంజనీరింగ్ అయింది.

జలపాతం దగ్గర పుట్టిన ఊహ

ఆ గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్. అతను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాంబినేటోరిక్స్‌లో పరిశోధన చేశాడు. మన ఇంటర్మీడియట్‌లో ప్రస్తారాలు, సంయోగాలు అని చదువుకునే పాఠానికి పై మెట్టు అది. 1991లో తాను తయారుచేసిన 'రోబోర్యాలీ' అనే బోర్డు ఆటను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీ అధిపతి పీటర్ ఆడ్కిసన్‌కు చూపించాడు. దాన్ని తయారు చేయించే స్తోమత ఆ కంపెనీకి లేదు. సంచిలో పట్టేది, త్వరగా ముగిసేది, ఆటల సమ్మేళనాల్లో ఖాళీ సమయంలో ఆడుకోదగ్గది ఏదైనా ఉంటే చెప్పమన్నాడు ఆడ్కిసన్. దానికి జవాబు గార్‌ఫీల్డ్‌కు ఓరెగన్‌లోని మల్ట్‌నోమా జలపాతం దగ్గర తట్టింది. ఒక్కో ఆటగాడికి నియమాలను దాటే ఒక్కో శక్తినిచ్చే 'కాస్మిక్ ఎన్‌కౌంటర్' అనే 1977 నాటి ఆట అతని మీద గాఢంగా పనిచేసింది. మ్యాజిక్‌లో నియమాలను దాటే ఆ శక్తిని కార్డుకే ఇచ్చాడు. నియమాల పుస్తకం ఒకటి చెబుతుంది, కార్డు మీద ఇంకొకటి రాసి ఉంటుంది. అప్పుడు కార్డు మాటే చెల్లుతుంది.

1993 ఆగస్టులో వచ్చిన తొలి ముద్రణలో 295 రకాల కార్డులున్నాయి. బెల్జియంలోని కార్టా ముండీ అచ్చాఫీసు మొత్తం 26 లక్షల కార్డులు అచ్చువేసింది. ఆట పద్ధతి సులువే. పర్వతం, అడవి, దీవి, చిత్తడి, మైదానం అనే ఐదు రకాల నేలలు ఐదు రంగుల 'మనా'ను ఇస్తాయి. నేల కార్డును అడ్డంగా తిప్పితే ఆ విడతకు దాని మనా వాడేసినట్టు. ఆ మనాతోనే మంత్రాలు వేయాలి, ప్రాణులను పిలవాలి. ఈ తిప్పే పద్ధతి కూడా ఉన్న ఆట విధానానికి 1997లో అమెరికా పేటెంటు దక్కింది.

ఇతివృత్తం అనే విత్తనం ఆ తొలి ముద్రణలోనే పడింది. 'గాబ్లిన్ కింగ్' కార్డు బల్ల మీద ఉంటే మిగతా గాబ్లిన్‌లన్నిటికీ బలం ఒకటి చొప్పున పెరుగుతుంది. 'లార్డ్ ఆఫ్ అట్లాంటిస్' ఆ మేలే మత్స్యమానవులకు చేస్తుంది. అయితే ఆ ముద్రణలో ఉన్న మత్స్యమానవ జాతి కార్డు ఒకే ఒక్కటి. రాజును ముందు అచ్చువేశారు, ప్రజలు తర్వాతి ఏళ్లలో వచ్చారు. ఒక కార్డు మీది జాతి పేరును ఇంకో కార్డు గుర్తుపట్టడం అప్పుడే మొదలైంది. ఆ తర్వాత జరిగినదంతా దాని విస్తరణే.

నాలుగు నుంచి ఒకటికి

మొదట్లో ఒకే కార్డును డెక్‌లో ఎన్నయినా పెట్టుకోవచ్చు. అన్నిటికంటే బలమైన కార్డును పోగేసినవాడిదే గెలుపు అవుతుంటే, 1994లో పోటీలకు ఒక హద్దు గీశారు. డెక్‌లో కనీసం 60 కార్డులు ఉండాలి, ఒక్కో రకం నాలుగుకు మించకూడదు. ఈ నాలుగు వెనక లెక్క ఉంది. 60 కార్డుల్లో ఒక కార్డు నాలుగు ప్రతులుంటే, మొదట చేతికొచ్చే ఏడు ముక్కల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం సుమారు 40 శాతం. రెండు మూడు ఆటలాడితే ఒకసారైనా చేతిలో పడుతుందని ధైర్యంగా ఉండొచ్చు. పోటీ ఆటగాళ్లు పథకాలు వేసుకునేది ఆ ధైర్యంతోనే.

అదే 1994లో 'లెజెండ్స్' సంపుటి వచ్చింది. అందులో ఐదు పురాతన డ్రాగన్లున్నాయి. వాటిలో పేరు మోసినది నీకోల్ బోలస్. దాన్ని పిలవడానికి ఎనిమిది మనాలు కావాలి. పిలిచాక కూడా ప్రతి విడతలో నీలం, నలుపు, ఎరుపు మనా ఒక్కోటి చెల్లించకపోతే అది చేజారిపోతుంది. ఒక్క దెబ్బ తగిలిందంటే ఎదుటివాడి చేతిలో ముక్కలన్నీ పోతాయి. ఇద్దరు తలపడే వేగమైన ఆటలో ఇంత భారీ ప్రాణికి చోటు దొరకడం కష్టం.

దానికి చోటిచ్చింది అలాస్కా. 1990లలో అక్కడి ఆటగాడు ఆడమ్ స్టేలీ, అతని మిత్రులు తలా ఒక డ్రాగన్‌ను సేనాపతిగా పెట్టుకుని అంతా కలిసి ఆడే పద్ధతి తయారుచేశారు. 'హైలాండర్' సినిమా పేరు మీద దాన్ని ఎల్డర్ డ్రాగన్ హైలాండర్ అన్నారు. అమెరికా వైమానిక దళంలో పనిచేస్తూ అలాస్కాకు వచ్చిన షెల్డన్ మెనరీ ఈ ఆట నేర్చుకున్నాడు. అతను మ్యాజిక్ పోటీలకు న్యాయనిర్ణేత కూడా. పెద్ద పోటీలు ముగిశాక రాత్రిళ్లు తోటి న్యాయనిర్ణేతలకు నేర్పాడు. వాళ్లు దాన్ని తమ తమ దేశాలకు మోసుకెళ్లారు. మెనరీ, మరికొందరు కలిసి నియమాల కమిటీగా ఏర్పడి ఆటను సాకారు. 2011లో విజార్డ్స్ సంస్థ దీనికి 'కమాండర్' అని పేరు పెట్టి ఐదు తయారు డెక్కులు విడుదల చేసింది.

నియమాలు స్థిరపడ్డ తీరు ఇది. సేనాపతితో కలిపి సరిగ్గా 100 కార్డులుండాలి. మామూలు నేలలు తప్ప ఏదీ రెండోది ఉండకూడదు. సేనాపతి మీద లేని రంగు డెక్‌లో కనపడకూడదు. ఒక్కొక్కరికి 40 ప్రాణాలు. ఒకే సేనాపతి చేతిలో మొత్తం 21 దెబ్బలు తింటే ఎన్ని ప్రాణాలు మిగిలినా ఓటమే. లెజెండ్స్ డ్రాగన్ల బలం ఏడు కాబట్టి మూడుసార్లు కొడితే సరిగ్గా 21.

బంధుత్వపు లెక్క

ఇక్కడ గణితం ఆటను చిక్కులో పెడుతుంది. 99 కార్డుల్లో ఒకే ఒక్క ప్రతి ఉన్న కార్డు మొదటి ఏడు ముక్కల్లో వచ్చే అవకాశం 7 శాతమే. మామూలు పేక 52 ముక్కలను పేర్చగల తీర్ల సంఖ్యకు 68 అంకెలుంటాయి. 99 వేర్వేరు ముక్కలకైతే 156 అంకెలు. ఇంత అనిశ్చితిలో ఒక కార్డును నమ్ముకుని పథకం వేయలేం.

ఇతివృత్తం పనికొచ్చేది ఇక్కడే. ఒకే కార్డు మళ్లీ మళ్లీ రాకపోయినా, ఒకే పని చేసే వేర్వేరు కార్డులు రావొచ్చు. డెక్‌లో 10 కార్డులు ఒకే పనికి పెడితే వాటిలో కనీసం ఒకటి మొదటి చేతిలో ఉండే అవకాశం సుమారు 54 శాతం. ఇతివృత్తానికి చెందినవి 30 పెడితే అది 93 శాతానికి చేరుతుంది. ప్రతులను నియమం లాగేసుకుంది, ఆటగాడు బంధువులను తెచ్చుకున్నాడు. అనుభవజ్ఞులు డెక్ కట్టేటప్పుడు సుమారు 37 నేలలు, మనా పెంచేవి పది, కార్డులు తెచ్చేవి పది, ఎదుటివాడి బెడద తొలగించేవి పది, మిగతాదంతా ఇతివృత్తం అని లెక్కవేసుకుంటారు.

ఒక ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. 2012లో వచ్చిన 'క్రెంకో, మాబ్ బాస్' ఎర్ర రంగు గాబ్లిన్ నాయకుడు. ఇతన్ని అడ్డంగా తిప్పితే, మీ దగ్గర ఎన్ని గాబ్లిన్‌లు ఉన్నాయో అన్ని కొత్త గాబ్లిన్ టోకెన్లు, అంటే డెక్‌లోని కార్డు లేకుండా ప్రాణిగా లెక్కించే గుర్తులు, పుడతాయి. క్రెంకో ఒక్కడే ఉన్నప్పుడు తిప్పితే ఒకటి పుట్టి ఇద్దరవుతారు. విడతకోసారి తిప్పుతూ పోతే నాలుగు, ఎనిమిది, పదహారు. పక్కన 'ఇంపాక్ట్ ట్రెమర్స్' ఉందనుకోండి, మీ వైపు ప్రాణి వచ్చినప్పుడల్లా ప్రతి ప్రత్యర్థికీ ఒక దెబ్బ పడుతుంది. ఐదు తిప్పులకు తలా 31 దెబ్బలు. ఆరో తిప్పుకు 63 అవుతాయి, 40 ప్రాణాల గీత దాటిపోయింది. ఒక్క గాబ్లిన్ కూడా కత్తి దూయకుండానే ప్రత్యర్థులంతా ఓడిపోతారు. ఇంపాక్ట్ ట్రెమర్స్ చేతికి రాకపోతే ఎలా? 'పర్ఫరోస్' అనే దేవుడి కార్డు అదే పని రెండేసి దెబ్బలతో చేస్తుంది. ప్రాణిని పిలిచిన విడతలోనే తిప్పడానికి మామూలుగా వీల్లేదు. 'గాబ్లిన్ చీఫ్‌టన్' ఉంటే గాబ్లిన్‌లకు ఆ ఆటంకం కూడా ఉండదు.

సేనాపతి గొప్పదనం ఇందులోనే ఉంది. అతను 99లో కలిసిపోడు. బల్ల మీద విడిగా, అందరికీ కనిపించేలా కూర్చుంటాడు. చచ్చినా ప్రతిసారీ మరో రెండు మనాలు అదనంగా చెల్లించి మళ్లీ పిలవొచ్చు. 99 అనిశ్చిత కార్డుల మధ్య ఖాయంగా దొరికే కార్డు అదొక్కటే. అందుకే ఇతివృత్తాన్ని సేనాపతి నుంచే మొదలుపెడతారు.

నలుగురు కూర్చుంటే

నలుగురు ఆడేటప్పుడు మీరు పడగొట్టాల్సింది 120 ప్రాణాలు. ఒక కార్డు ఖర్చుపెట్టి ఒకరి ప్రాణిని చంపితే మీరిద్దరూ తలా ఒక కార్డు పోగొట్టుకున్నట్టు, మిగతా ఇద్దరూ ఏమీ పోగొట్టుకోకుండా లాభపడ్డట్టు. కాబట్టి "ప్రతి ప్రత్యర్థి" అని రాసి ఉన్న కార్డుకు ఇక్కడ మూడింతల విలువ. ముందంజలో ఉన్నవాడి మీదకు ముగ్గురూ తిరుగుతారు. నియమాల్లో ఎక్కడా రాయని ఈ సర్దుబాటే బలహీనమైన డెక్కును కూడా ఆటలో నిలబెడుతుంది. క్రెంకోను చూడగానే మిగతావాళ్లకు రాబోయేది అర్థమవుతుంది. తొలి ముద్రణలోనే ఉన్న 'రాత్ ఆఫ్ గాడ్' లాంటి కార్డు ఒక్కటి పడితే నాలుగు మనాల ఖర్చుతో గాబ్లిన్ల దండంతా తుడిచిపెట్టుకుపోతుంది. తెలివైనవాడు దండు మొత్తాన్నీ ఒకేసారి బల్ల మీద పరచడు.

కంప్యూటర్ అయిన ఇతివృత్తం

2002లో వచ్చిన 'ఆన్‌స్లాట్' సంపుటి జాతుల ఇతివృత్తాలకు పెద్దపీట వేసింది. అందులో 'రాట్‌లంగ్ రీయానిమేటర్' ఉంది. క్లెరిక్ జాతివాడు చనిపోతే ఒక జాంబీ పుడుతుందని దాని నియమం. అదే సంపుటిలోని 'ఆర్టిఫిషియల్ ఎవల్యూషన్' ఒక కార్డు మీది జాతి పేరును ఇంకో జాతి పేరుగా మార్చేస్తుంది. ఈ రెండూ కలిస్తే "ఫలానా జాతి పోతే ఫలానా జాతి రావాలి" అనే ఆదేశాలను మనకు కావలసినట్టు రాసుకోవచ్చు. 2019లో అలెక్స్ చర్చిల్, స్టెల్లా బిడర్‌మన్, ఆస్టిన్ హెరిక్ తమ పరిశోధన పత్రంలో ఇలాంటి కార్డులతోనే ట్యూరింగ్ యంత్రాన్ని, అంటే టేపు మీది అక్షరాలను నియమాల ప్రకారం మారుస్తూ లెక్క చేసే ఊహా కంప్యూటర్‌ను, నిర్మించారు. జాతి పేర్లు అక్షరాలయ్యాయి, బల్ల మీద బారుగా ఉన్న టోకెన్లు టేపు అయ్యాయి. ఏ కంప్యూటరు చేయగల లెక్కనైనా ఈ ఆట చేయగలదని, కాబట్టి కొన్ని ఆటల్లో ఎవరు గెలుస్తారో ముందుగా తేల్చే సార్వత్రిక పద్ధతి ఏదీ ఉండదని రుజువైంది. గాబ్లిన్‌లకు రాజును ఇద్దామన్న 1993 నాటి చిన్న ఊహకు ఇంత లోతుందని చూపిన ఆ పత్రాన్ని విజ్ఞాన ప్రియులందరూ చదవాలి.

డెక్ ఎవరిది?

ఆ తర్వాత ఇతివృత్తాలు జాతులను దాటిపోయాయి. వాడేసిన కార్డులు చేరే శ్మశానంలోంచి వాటిని వెనక్కి తెచ్చేవి, ప్రత్యర్థులకు కానుకలిచ్చి ఒప్పందాలు కుదుర్చుకునేవి, యంత్రాల చుట్టూ తిరిగేవి వచ్చాయి. 2016లో వచ్చిన 'కలదేశ్' సంపుటి భారతీయ కట్టడాలు, వేషధారణల స్ఫూర్తితో ఊహించిన ఆవిష్కర్తల లోకం. తర్వాత ఆ లోకానికి 'అవిష్కార్' అని పేరు మార్చారు. బొమ్మలో కుర్చీ ఉన్న కార్డులనే ఏరి డెక్ కట్టేవాళ్లు కూడా ఉన్నారు.

మెనరీ 2023లో కన్నుమూశారు. 2024 సెప్టెంబరులో కొన్ని ఖరీదైన కార్డులను నిషేధించినందుకు కమిటీ సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. ఆ నెలాఖరులోనే నిర్వహణ విజార్డ్స్ చేతికి వెళ్లింది. ఆటను ప్రేమతో సాకినవాళ్లకు అలా జరగడం బాధాకరం. 2025లో సంస్థ డెక్కులను బలాన్ని బట్టి ఐదు అంచెలుగా విభజించే పద్ధతి ప్రకటించింది. గెలుపు కంటే ఇతివృత్తానికే పట్టం కట్టే డెక్కులకు అందులో మొదటి అంచెను కేటాయించింది. ముప్ఫై ఏళ్లుగా ఆటగాళ్లు చేస్తున్న పనికి దొరికిన గుర్తింపు అది.

కొత్తగా కట్టేవారికి ఒకటే మాట. సమాన బలమున్న నలుగురు ఆడితే ఎవరైనా సగటున నాలుగింట మూడు ఆటలు ఓడిపోవాల్సిందే, ఇది తప్పించుకోలేని లెక్క. గెలుపు కోసమే కట్టిన డెక్కుకు ఆ మూడు ఆటలూ వృథా. ఇతివృత్తంతో కట్టినదానికి అలా కాదు. క్రెంకో దండు ఒక్కసారి పదహారుకు చేరితే ఆ ఆట ఓడినా డెక్ తన పని చేసినట్టే. కాబట్టి సేనాపతిని ఎంచుకునేటప్పుడు బలం కంటే ముందు, ఓడిపోయే ఆటల్లో కూడా ఏం జరిగితే మీకు సంతోషమో తేల్చుకోండి. మిగతా 99 ముక్కలనూ ఆ సంతోషం జరిగేలా ఏరుకోండి.