చిరునామా మారినా పాత పుటయే ఎందుకు? డొమైన్ పేర్ల గడువు కథ

హోసూరు దగ్గరి ఒక పల్లెలో ఒకే ఇంట రెండు ఫోన్లు, రెండు కంపెనీల సిమ్‌లతో ఉన్నవనుకుందాం. ఒక వెబ్‌సైటు కొత్త సర్వరుకు మారిన దినాన అన్న ఫోనులో కొత్త పుట తెరచుకొంటుంది. చెల్లెలి ఫోనులో పాత పుటయే వస్తుంది. ఆ పుటలోని పాత తేదీని నమ్మితే దరఖాస్తు గడువు దాటిపోవచ్చు. ఇందులో తప్పు ఫోనుది కాదు.

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో గుర్తిస్తాయి. మనము వ్రాసే పేరుకు తగిన అంకెలను వెదకి ఇచ్చే ఏర్పాటును డి.ఎన్.ఎస్. అంటారు. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. అంతకుముందు పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి.

మన జిల్లా వెబ్‌సైటు పేరు కృష్ణగిరి.ఎన్ఐసి.ఇన్. దీనిని కుడినుండి ఎడమకు చదవాలి. ఫోను కంపెనీ సర్వరు ముందుగా మూల సర్వరును అడుగుతుంది. అది 'ఇన్' సర్వరును చూపుతుంది. 'ఇన్' సర్వరు 'ఎన్ఐసి' సర్వరును చూపుతుంది. చివరకు అంకెలు దొరకుతాయి. ప్రతిసారి ఇంత దూరము తిరుగకుండా, దొరకిన జవాబును కంపెనీ సర్వరు కొంతకాలము దాచుకొంటుంది.

రాయకోట మార్కెట్టులో ఉదయము టమాటా ధర తెలుసుకొని వచ్చిన రైతు దానిని ఊరివారికి చెపుతాడు. అందరూ మరల మార్కెట్టుకు పోనక్కరలేదు. అయితే నిన్నటి ధర నేటికి చెల్లదు. అట్లే ప్రతి జవాబుతో పాటు, అది ఎన్ని సెకన్లు చెల్లునో తెలిపే ఒక అంకె వస్తుంది. దానినే టి.టి.ఎల్. అంటారు. 300 అంటే అయిదు నిమిషాలు, 3,600 అంటే ఒక గంట, 86,400 అంటే ఒక రోజు.

ఈ గడువు వెబ్‌సైటు మారిన క్షణమునుండి కాక, జవాబు తెచ్చుకొన్న క్షణమునుండి లెక్కకు వస్తుంది. గడువు ఒక రోజు అనుకొందాం. వెబ్‌సైటు ఉదయము 10 గంటలకు మారినది. 9 గంటలకు అడిగి దాచుకొన్న కంపెనీ మరునాడు 9 గంటలవరకు పాత చిరునామానే ఇస్తుంది. 10 దాటిన తరువాత అడిగిన కంపెనీ కొత్తది ఇస్తుంది. అన్నాచెల్లెళ్ల ఫోన్లలో జరిగినది ఇదే.

గడువు ఎక్కువైతే సర్వర్లకు భారము తగ్గుతుంది, కానీ మార్పు ఆలస్యముగా తెలుస్తుంది. గడువు తక్కువైతే మార్పు వెంటనే తెలుస్తుంది, కానీ సర్వర్లు మాటిమాటికి జవాబు చెప్పవలసి వస్తుంది. అందువలన తెలిసిన నిర్వాహకులు మార్పునకు ఒకటి రెండు రోజుల ముందే గడువును 300కు తగ్గిస్తారు. మార్పు ముగిసిన పిదప మరల పెంచుతారు. పాత సర్వరును కూడ కొన్నాళ్లు నడుపుతారు.

'అట్టి పేరు లేదు' అనే జవాబు కూడ కొంతసేపు దాచబడుతుంది. కనుక కొత్త వెబ్‌సైటు మొదలుకాకముందే తొందరపడి వెదకినవారికి, అది మొదలైన తరువాత కూడ కొంతసేపు దొరకకపోవచ్చు.

అనుమానము కలిగినపుడు వేరొక కంపెనీ సిమ్ ఉన్న ఫోనులో చూడడము మంచిది. ఫోనును ఆపి మరల తెరిస్తే అందులో దాచినది తొలగవచ్చును గాని, కంపెనీ సర్వరులో దాచినది తొలగదు. గడువు తీరువరకు వేచియుండవలసినదే. అందుచేత దరఖాస్తును చివరి దినమువరకు ఆపుకొనరాదు. తేదీ విషయమై సందేహముంటే కార్యాలయములో అడిగి రూఢి చేసికొనవలెను.