పసుపు తల రాయి చెప్పే పాఠం

జాతీయ రహదారి పక్కనుండే కిలోమీటరు రాయిని ఎప్పుడైనా గమనించారా? తల పసుపు, కింద తెలుపు. అదే రాష్ట్ర రహదారి అయితే తల ఆకుపచ్చ. నల్గొండ జిల్లా కట్టంగూర్ మీదుగా పోయే హైదరాబాద్-విజయవాడ రోడ్డునే తీసుకోండి. 2010లో దేశమంతా రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఇది 9 నుంచి 65 అయింది. నంబరు మారినా పసుపు మారలేదు. లారీ డ్రైవరు మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సిన పనీ పడలేదు!

రోడ్డు మీద ఉన్న ఈ సుఖం సెల్‌ఫోన్ తెర మీద ఉందా? అదే అసలు ప్రశ్న.

సేవలు పెరిగితే...

2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చాయి. ఒక్కో శాఖా ఒక్కో సేవా చేరుతూ పోయాయి. ఇలా పెరిగే ఏ వ్యవస్థకైనా ఓ చిక్కుంది. ఒక శాఖ తెరమీద 'సమర్పించండి' అని ఉంటుంది. ఇంకో శాఖ 'సబ్మిట్' అంటుంది. ఒకచోట ఆ బటన్ ఆకుపచ్చ, మరోచోట నీలం. పుట్టినతేదీలో ఇక్కడ రోజు ముందు, అక్కడ నెల ముందు. చదువుకున్నవాళ్లకిది చిన్న చికాకు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం తొలిసారి ఫోన్ పట్టుకున్న రైతుకి మాత్రం అక్కడే దారి మూసుకుపోతుంది. ఇంకేముంది... ఎవరో ఒకరిని బతిమాలాలి!

దీనికి విరుగుడే 'డిజైన్ సిస్టమ్'. బటన్, తేదీ గడి, తప్పు చూపే ఎర్ర అక్షరాలు... అన్నీ ఒక్కసారి తయారుచేసి, పరీక్షించి, అందరూ వాటినే వాడటం.

కాదనే అధికారం

తయారుచేయడం సులువే. నిలబెట్టడమే కష్టం. ఏ శాఖకి ఆ శాఖ 'మాది ప్రత్యేకం' అంటుంది మరి!

బ్రిటన్ 2012లో ప్రభుత్వ వెబ్‌సైట్లను 'గవ్.యూకే' అనే ఒకే గూటికి చేర్చడం మొదలుపెట్టింది. 2018లో డిజైన్ సిస్టమ్‌ను విడుదల చేసింది. అక్కడ ఎవరైనా కొత్త నమూనా ప్రతిపాదించొచ్చు. కానీ అది ఉపయోగపడాలి, ఉన్నదానికి నకలు కాకూడదు. వేర్వేరు శాఖలవాళ్లున్న బృందం చూసి సరేనన్నాకే అందరికీ అందుతుంది. అంటే, చెప్పే హక్కు అందరికీ... కాదనే బాధ్యత కొందరికి.

మన కేంద్ర ప్రభుత్వమూ 2025 ఫిబ్రవరిలో 'డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్' తెచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల రంగులు, బొమ్మలు, అక్షరాలు ఎలా ఉండాలో అందులో ఉంది. అక్షరాలకి నోటో శాన్స్ ఫాంటును ఎంచుకున్నారు. ఆ కుటుంబంలో తెలుగూ ఉంది.

వత్తు తెగితే...

ఉంటే చాలదు, సరిగా ఇమడాలి. ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు ఒకే వరసలో కూర్చుంటాయి. మన వత్తులు కిందికి దిగుతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే పైనా కిందా ఎంత చోటు కావాలో చూడండి. ఇంగ్లిష్ కొలతతో గీసిన గడిలో పెడితే వత్తు తెగుతుంది. అప్పుడు 'పట్టా' కాస్తా 'పటా' అవుతుంది. కట్టంగూర్ 'కటంగూర్' అవుతుంది. భూమి కాగితంలో తన ఊరి పేరే తప్పుగా కనబడితే రైతు గుండె ఆగదూ?

అలాగని ఏ శాఖకి ఆ శాఖ ఈ లోపాన్ని సరిదిద్దుకుంటే మళ్లీ పది రకాలవుతాయి. గడి ఎత్తుని మూలంలో ఒక్కసారి సవరిస్తే, దాన్ని వాడే ప్రతి తెరా బాగుపడుతుంది. ఉమ్మడి పద్ధతితో అసలు లాభం ఇదే.

అందుకే డిజైన్ సిస్టమ్ అంటే అందం గురించిన ముచ్చట కాదు. ఒకసారి నేర్చుకున్నది రేపూ పనికొస్తుందన్న భరోసా. పసుపు తల రాయిని చూసిన డ్రైవరు ఎవర్నీ దారి అడగడు. మండల కేంద్రంలో ఫోన్ తెరిచిన రైతూ ఎవర్నీ అడగక్కర్లేని రోజు రావాలి!